పుట్టుక పేరు, పూచీ పేరు

ముస్లిం ఏ విషయం మీద నోరు విప్పినా ముందు ఒక హామీపత్రం దాఖలు చేసుకోవాలి. ఇప్పుడు విస్కీ గురించి రాస్తున్నాను కనక నేను రెండు దాఖలు చేసుకోవాలి. నా బిరాదరీకి: నేను తాగను, ఏనాడూ తాగలేదు. నా సెక్యులర్ మిత్రులకు: నేను ముల్లాను కాను, ఇరవై ఏళ్ళుగా తాగేవాళ్ళ పక్కన కూర్చుని సోడా తాగుతున్న జర్నలిస్టుని. రెండూ నిజమే. కానీ ఒక మాట చెప్పడానికి ముందు అటూ ఇటూ తిరిగి సలాం చెయ్యాల్సి రావడం ఉంది చూశారూ, ఆ యాతన ఎలాంటిదో ఈ పుస్తకం చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అదే యాతన స్కాట్లాండ్‌లో ఒక చెక్క పీపాకు కూడా ఉందని మాత్రం నాకు ఈ మధ్యనే తెలిసింది.

మా ఆపా కొడుకు, అంటే నా భాంజా, పదకొండేళ్ళుగా గ్లాస్గోలో ఉంటున్నాడు. చదువుకోడానికి పోయాడు. చదువయ్యాక ఒక గోదాములో లెక్కలు రాసే పనిలో కుదిరాడు. అది మామూలు గోదాము కాదు. పన్ను కట్టకుండా విస్కీ పీపాలను ఏళ్ళ తరబడి నిలవుంచే బాండెడ్ గోదాము. మేం మాత్రం చుట్టాలకు 'స్టోర్సులో పని' అని చెప్పుకుంటూ వచ్చాం. ఒక రాత్రి ఫోను చేశాడు. "మామూ, సొంతంగా కంపెనీ పెడుతున్నా. ఇండిపెండెంట్ బాట్లింగ్. ఇద్దరు అక్కడి దోస్తులు కూడా కలుస్తున్నారు. మీరు నాకు రెండు సాయాలు చెయ్యాలి" అన్నాడు.

ఒకటి, కొంత అప్పు. రెండోది, నానా పేరు. మా అబ్బాకు వరంగల్ మండీబజార్లో అత్తరు దుకాణం ఉండేది. బోర్డు మీద ఆయన పేరే ఉండేది. ఆ పేరు తన కంపెనీకి పెట్టుకుంటానన్నాడు. వాళ్ళమ్మను అడిగితే ఫోను పెట్టేసిందట.

మర్నాడు పొద్దున్నే ఆపా మా ఇంటికొచ్చింది. "అబ్బా కా నామ్, ఔర్ షరాబ్ కీ బోతల్ పే?" అంది. చాయ్ ముట్టలేదు. లేచి పోతూ, "పేపర్లో నలుగురికీ నీతులు రాస్తావుగా, నీ భాంజాకు కూడా కొంచెం చెప్పు" అంది.

చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి గదా. వాడు చేయబోయే పని ఏమిటో తెలుసుకోకుండా హరామ్ అనేసి ఊరుకోవడం తేలిక. కానీ తెలుసుకునే కొద్దీ ఆ పని నన్ను వేరే ప్రశ్నలోకి లాక్కుపోయింది. తాను తయారు చెయ్యని సరుకును తన పేరుతో అమ్మేవాడు నీతిమంతుడేనా? అసలు ఒక వస్తువు పేరు ఎవరి సొత్తు?

*

ఇండిపెండెంట్ బాట్లర్‌కు డిస్టిలరీ ఉండదు. అతను బార్లీ మొలకెత్తించడు, పులియబెట్టడు, రాగి స్టిల్‌లో కాచడు. ఎవరో కాచిన సరుకును పీపాతో సహా కొంటాడు. కొన్నాళ్ళో కొన్నేళ్ళో నిలవుంచుతాడు. ఇక చాలు అనుకున్న రోజున సీసాల్లోకి ఎత్తించి తన కంపెనీ పేరుతో అమ్ముతాడు. ఇది నిన్నమొన్నటి వ్యాపారం కాదు. అబర్దీన్‌లో కేడెన్‌హెడ్ 1842లో మొదలైంది. ఎల్గిన్ ఊళ్ళో కిరాణా దుకాణంగా మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్‌ది 1895. సిగ్నేటరీ అనేది 1988లో పుట్టింది.

లెక్క ఇలా ఉంటుందని భాంజా చెప్పాడు. హాగ్స్‌హెడ్ అనే పీపాలో ఇంచుమించు 250 లీటర్లు పడుతుంది. కొత్త సరుకును మామూలుగా 63.5 శాతం బలంతో నింపుతారు. చెక్క ఊపిరి పీల్చినట్టు పీలుస్తుంది. ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని అక్కడ దేవదూతల వాటా అంటారు. "ఫరిష్తాల వాటా మామూ" అన్నాడు. "ఫరిష్తాలు తాగుతారట్రా?" అన్నాను. "స్కాట్లాండ్ ఫరిష్తాలు గదా" అన్నాడు. పన్నెండేళ్ళయ్యేసరికి 195 లీటర్ల దాకా మిగులుతుంది. 700 మిల్లీలీటర్ల సీసాలకు పంచితే దాదాపు 280 సీసాలు. అంతటితో ఆ పీపా కథ ముగిసింది. దాని పక్కనే అదే రోజు నింపిన పీపా కూడా అచ్చం అలాగే ఉండదు. బలం 40 శాతం కన్నా కిందికి దిగిపోతే ఇక అది చట్టప్రకారం స్కాచ్ విస్కీయే కాదు. పన్నెండేళ్ళు కనిపెట్టుకుని ఉన్నా, సమయం చూసుకోకపోతే అస్తిత్వమే పోతుంది.

చట్టం గట్టిది. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం సరుకు స్కాట్లాండ్‌లోనే కాచాలి, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్ళు ఉండాలి. ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో కాచింది సింగిల్ మాల్ట్. రెండు డిస్టిలరీల మాల్ట్ కలిస్తే అది బ్లెండెడ్ మాల్ట్. సింగిల్ మాల్ట్‌ను 2012 నవంబరు నుంచి స్కాట్లాండ్‌లోనే సీసాల్లో నింపాలి. సీసా మీద వయసు వేస్తే అందులో అన్నిటికంటే చిన్నదాని వయసే వెయ్యాలి. పన్నులశాఖ దగ్గర నమోదు కావాలి. పీపా చేతులు మారితే గోదాముకు డెలివరీ ఆర్డరు పోవాలి, గోదాము పుస్తకంలో కొన్నవాడి పేరు ఎక్కాలి.

ఈ ఆఖరిది చిన్న విషయం కాదు. ఇటీవలి ఏళ్ళలో పీపాల మీద పెట్టుబడి పెట్టండంటూ బ్రిటన్‌లో పెద్ద మోసాలు జరిగాయి. ఒకే పీపాను పదిమందికి అమ్మినవాళ్ళున్నారు. మావాడు మొదట కొనబోయిన పీపా కూడా అలాంటిదే. ఒక సంస్థవాళ్ళు బంగారు అంచుల సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద పీపా నంబరు ఉంది, మావాడి పేరు ఉంది. గోదాముకు ఫోను చేస్తే ఆ నంబరు పీపా ఇంకెవరిదో. గోదాములో పనిచేసిన అనుభవం వాణ్ణి కాపాడింది. కాగితం మీద పేరున్నంత మాత్రాన సొంతం కాదు. ఆ సంగతి పదకొండేళ్ళు వీసా కాగితాలు మోసినవాడికి ఒకరు నేర్పాల్సిన పని లేదు.

*

ఇక పేరు సంగతి. గ్లెన్‌లివెట్ అంటే లివెట్ ఏరు పారే లోయ. అక్కడ జార్జ్ స్మిత్ 1824లో లైసెన్సు తీసుకుని డిస్టిలరీ నడిపాడు. సరుకుకు పేరొచ్చింది. చుట్టుపక్కల డిస్టిలరీలన్నీ మాదీ గ్లెన్‌లివెట్టే అన్నాయి. కోర్టు దాకా పోయింది. 1884లో తేలిందేమంటే, 'ది గ్లెన్‌లివెట్' అని స్మిత్ కుటుంబానిదే రాసుకోవాలి, మిగిలినవాళ్ళు తమ పేరు ముందు పెట్టి అడ్డగీత గీసి గ్లెన్‌లివెట్ తగిలించుకోవచ్చు. మెకాలన్-గ్లెన్‌లివెట్, గ్లెన్ గ్రాంట్-గ్లెన్‌లివెట్, ఇలా. ఆ లోయకు దూరంగా ఉన్నవాళ్ళు కూడా తగిలించుకునేసరికి స్కాట్లాండ్‌లో అన్నిటికంటే పొడవైన లోయ గ్లెన్‌లివెట్టేనని జోకులేశారు. ఏరు అందరిదీ. పేరు మాత్రం ఒకరిది. మిగిలినవాళ్ళది అడ్డగీత బతుకు.

తెలుగు-ముస్లిం అని రాసేటప్పుడు మన మధ్యన ఉండే ఆ గీత నాకు గుర్తుకొచ్చింది. ఎవరికి 'ది' దొరుకుతుంది, ఎవరికి గీత దొరుకుతుంది అనేది ఎప్పుడూ ముందొచ్చి కూర్చున్నవాడే నిర్ణయిస్తాడు.

ఇండిపెండెంట్ బాట్లర్ దగ్గరికొస్తే కథ ఇంకా ముదురుతుంది. పీపా అమ్మే కంపెనీ చాలాసార్లు ఒక షరతు పెడుతుంది. సరుకు నీది, మా పేరు మాత్రం రాయొద్దు. అప్పుడు బాట్లర్ 'ఒక స్పేసైడ్ మాల్ట్' అని రాసుకుంటాడు. 1983లో ఎడింబరోలో మొదలైన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ అయితే పేర్ల గొడవే లేకుండా అంకెలు పెట్టింది. డిస్టిలరీకి ఒక నంబరు, పీపాకు ఒక నంబరు. మర్రే మెక్‌డేవిడ్ అనే బాట్లర్ 'లాఫ్రోయిగ్' పేరు రాస్తే ఆ పేరు సొంతదార్లు 1990ల చివర కోర్టుకెక్కారు. తర్వాత అదే చోటి సరుకు 'లీప్‌ఫ్రాగ్' పేరుతో బజారుకొచ్చింది. లాఫ్రోయిగ్ అనరాదు, లీప్‌ఫ్రాగ్ అనవచ్చు. నవ్వొస్తుంది. కానీ మన ఊళ్ళల్లో అద్దె ఇల్లు దొరకడం కోసం పేరు మార్చి చెప్పుకునే కుర్రాళ్ళను చూశాక ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

అన్నిటికంటే నన్ను కుదిపింది చెంచా సంగతి. బయటికి అమ్మే పీపా తమ పేరుతో బజారుకు పోకుండా ఉండాలంటే కొన్ని కంపెనీలు ఒక పని చేస్తాయి. 250 లీటర్ల పీపాలో ఇంకో డిస్టిలరీ విస్కీ ఒక్క చెంచా పోస్తాయి. అంతే. రుచి మారదు, వాసన మారదు, ఏ నాలుకకూ తేడా దొరకదు. కానీ చట్టం దృష్టిలో అది ఇక సింగిల్ మాల్ట్ కాదు, బ్లెండెడ్ మాల్ట్. పుట్టిన డిస్టిలరీ పేరు చెప్పుకునే హక్కు పోయింది. బాల్వెనీలో చెంచాడు గ్లెన్‌ఫిడిక్ పడితే దాని పేరు 'బర్న్‌సైడ్' అవుతుందని, గ్లెన్‌ఫిడిక్‌లో చెంచాడు బాల్వెనీ పడితే 'వార్డ్‌హెడ్' అవుతుందని ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు. ఆ రెండు డిస్టిలరీలూ పక్కపక్కనే ఉంటాయి, యజమాని కూడా ఒక్కడే.

ఒక్క చెంచా! భాంజా ఈ మాట చెప్పినప్పుడు నేను కాసేపు మాట్లాడలేకపోయాను. తరతరాలుగా ఈ నేల మీదే పుట్టి, ఈ చెరువు నీళ్ళే తాగి, ఈ భాషలోనే తిట్టుకుని, ఈ భాషలోనే ఏడ్చినవాళ్ళకు, 'మీ ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కదా' అనే ఒక్క చెంచా చాలు. సాహిత్య సభలో నన్ను పరిచయం చేస్తూ 'ముస్లిం అయినా చక్కటి తెలుగు రాస్తారు' అంటారు. ముషాయిరాకు పోతే 'తెలుగు పేపరాయన, ఉర్దూ బాగానే వస్తుంది' అంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల సోదరుణ్ణి ఇటు తురకవాడంటారు, అటు పూర్తి ముసల్మాను కాదంటారు. పీపా అంతా ఒక్కటే. ఎవరి చేతిలో చెంచా ఉంది అన్నదే ప్రశ్న.

*

అయితే ఇంతవరకూ చెప్పింది పేరు దాచినవాళ్ళ కథ. బాట్లర్ వైపు న్యాయం ఏమైనా ఉందా? నాకు మొదట లేదనే అనిపించింది. కాచింది ఒకడు, సొమ్ము ఒకడిది.

ఇక్కడ మా అబ్బా అడ్డం వచ్చాడు. అబ్బా అత్తరు తయారు చేశాడా? ఎన్నడూ లేదు. అది కన్నౌజ్ నుంచి వచ్చేది. అక్కడ రాగి డేగ్‌లో పూలూ నీళ్ళూ వేసి, మూత మట్టితో మెత్తి, కింద కట్టెలు పెట్టి కాస్తారు. వెదురు గొట్టం గుండా ఆవిరి పోయి భప్కా అనే రాగి పాత్రలో ఉన్న చందనం నూనెలోకి దిగుతుంది. తర్వాత దాన్ని తోలు కుప్పిల్లో నిలవ ఉంచితే అందులో మిగిలిన తడి తోలులోంచి పోతుంది. స్కాట్లాండ్‌లో ఓక్ పీపా చేసే పని కన్నౌజ్‌లో తోలు కుప్పి చేస్తుంది. అబ్బా గులాబీ, ఖస్, హినా, తొలకరి వాన వాసన వేసే మిట్టీ అత్తరు తెప్పించి, చిన్న చిన్న గాజు బుడ్డీల్లో నింపి, దూది చుట్టి అమ్మేవాడు. బుడ్డీ మీద చీటీ అబ్బా పేరుది. అంటే మా నాన్న ఇండిపెండెంట్ బాట్లర్ అన్నమాట. ఆ మాట ఆయనకు తెలియదంతే.

చుట్టరికం అక్కడితో ఆగదు. కాచే పాత్రను అరబ్బులు 'అల్-అన్బీక్' అన్నారు. గ్రీకు మాటకు 'అల్' తగిలించుకున్నారు. యూరపు దాన్ని అలెంబిక్ చేసుకుంది. ఆల్కహాల్ అన్న మాట 'అల్-కుహ్ల్' నుంచి వచ్చింది. మొదట్లో అది కళ్ళకు పెట్టుకునే సుర్మా పొడికి పేరు. ఇక విస్కీ అన్న మాట గేలిక్ భాషలో 'ఊష్కె బేహా' నుంచి వచ్చింది. జీవజలం అని అర్థం. మా ఉర్దూలో అచ్చంగా 'ఆబె హయాత్'. మాట మాది, పాత్ర మాది, హరామ్ కూడా మాదే. ఒక గిన్నెలో అత్తరు, ఒక గిన్నెలో మద్యం దిగాయి. గిన్నె మాత్రం ఒక్కటే.

అబ్బా చేసిందేమిటి మరి? నాకు పన్నెండేళ్ళప్పటి సంగతి చెబుతాను. ఎప్పుడూ సరుకు పంపే ఒక వ్యాపారి పంపిన ఖస్ కుప్పిలో నూనె కల్తీ జరిగింది. అబ్బాకు వెంటనే తెలియలేదు. కొన్ని బుడ్డీలు అమ్మేశాక ఒక రాత్రి మణికట్టు వాసన చూసుకుంటూ ఉండిపోయాడు. మర్నాడు దుకాణం తెరవకుండా సైకిలెక్కి కొన్నవాళ్ళ ఇళ్ళకు తిరిగాడు. నేను వెనక కూర్చున్నాను. బుడ్డీ వెనక్కి తీసుకుని డబ్బులిచ్చేశాడు. హన్మకొండలో ఒక మాస్టారు, "ఖాన్ సాబ్, తప్పు మీది కాదు కదా, పంపినవాడిది కదా" అన్నాడు. అబ్బా, "చీటీ మీద నా పేరుంది సార్" అన్నాడు.

బాట్లర్ నీతి అంతా ఆ ఒక్క మాటలో ఉంది. కాచినవాడు నేనని అతను అనడు. ఈ ఒక్క పీపాను నేను ఎంచాను, నేను రుచి చూశాను, బాగోకపోతే నన్ను అడగండి అంటాడు. నిజాయితీ ఉన్న బాట్లర్ సీసా మీద చాలా సమాచారం ఇస్తాడు. కాచిన ఏడు, నింపిన ఏడు, పీపా నంబరు, ఎన్ని సీసాలొచ్చాయి, రంగు కలిపారా లేదా. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడం చట్టసమ్మతమే. కలపలేదని రాయడం అతని ఇష్టం.

ఇంకోటి కూడా ఉంది. నిలవుంచడం కూడా తయారు చెయ్యడమే. గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ వాళ్ళు 1940లో గ్లెన్‌లివెట్ సరుకుతో నింపించిన పీపాను 80 ఏళ్ళు కాపాడి 2021లో బజారుకు తెచ్చారు. ఆ సరుకు స్టిల్‌లో గడిపింది గంటలు. పీపాలో గడిపింది మూడు తరాలు. 1983లో సరుకెక్కువై పోర్ట్ ఎలెన్, బ్రోరా లాంటి డిస్టిలరీలను సొంతదార్లే మూసేశారు. ఆ పేర్లు జనం నోట మిగలడంలో ఇండిపెండెంట్ బాట్లర్ల సీసాలదీ పెద్ద వాటా. బ్రోరా 2021లో, పోర్ట్ ఎలెన్ 2024లో మళ్ళీ తెరుచుకున్నాయి. వదిలేసింది యజమాని, గుర్తుపెట్టుకున్నది బయటివాడు. అయినా పేరు యజమానిదే. అందుకే కాబోలు, అదే గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ ఇక పరాయి డిస్టిలరీల సరుకు పీపాల్లో నింపడం 2024 నుంచి మానేస్తున్నామని 2023లో ప్రకటించింది. వాళ్ళకిప్పుడు సొంత డిస్టిలరీలున్నాయి.

నిజం చెప్పడానికి కూడా హద్దుందని ఇంకో కథ చెబుతుంది. కంపాస్ బాక్స్ అనే కంపెనీ రకరకాల విస్కీలను ఎంచి కలుపుతుంది. 2015లో తన సీసాల్లో ఏ వయసుది ఎంత కలిపారో మొత్తం బయటపెట్టింది. అన్నిటికంటే చిన్నదాని వయసు తప్ప ఇంకేదీ చెప్పకూడదని చట్టం అడ్డొచ్చింది. అబద్ధం ఆడినందుకు కాదు, ఎక్కువ నిజం చెప్పినందుకు ఆపేశారు. పాతదాని వయసు చూపించి కొత్తదాన్ని అమ్మే మోసాన్ని ఆపడానికి పెట్టిన రూలే అది. మంచి రూలే. కానీ మనిషి నేను ఇదీ, ఇదీ, ఇదీ కలిసినవాణ్ణి అని చెప్పుకోడానికి ఒక్క గడి మాత్రమే ఇచ్చే దరఖాస్తు ఫారాలు మనమూ నింపాం.

*

అబ్బా మాటతో బాట్లర్ నిర్దోషి అని తేల్చుకుని భాంజాకు ఫోను చేద్దామనుకున్నాను. అప్పుడు ఆపా ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. నానా పేరు ఇవ్వాలా, వద్దా?

నేను ఇవ్వదలచుకోలేదు. మరి నేనేం చేస్తున్నట్టు? పేరు దాచిన కంపెనీలను ఇంతసేపూ తిట్టి, ఇప్పుడు 'మా పేరు రాయొద్దు' అని నేనూ షరతు పెడుతున్నాను. చెంచా నా చేతిలోకి వచ్చింది. అది ఒప్పుకోడానికి నాకు రెండు మూడు రోజులు పట్టింది.

ఆలోచించగా అర్థమైంది. పేరుకు రెండు పనులున్నాయి. ఒకటి పుట్టుక చెప్పడం. ఇది ఫలానా చోట పుట్టింది అనడం. రెండోది పూచీ పడటం. ఫలానావాడు దీనికి జవాబుదారీ అనడం. పుట్టుక పేరు నిజమైతే దాన్ని చెప్పుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్పేసైడ్‌లో ఫలానా డిస్టిలరీలో పుట్టిన సరుకును అక్కడ పుట్టలేదనిపించడం కోసం చెంచా పోయడం, చట్టం ఒప్పుకున్నా సరే, నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. పూచీ పేరు అలా కాదు. అది మనిషి తన నోటితో ఇవ్వాలి. భాంజా నానాకు మనవడే. ఆ మాట సీసా మీద కాదు, నుదుటి మీద రాసుకున్నా కాదనేవాళ్ళం కాము. కానీ ఆ పీపాను అబ్బా ఎంచలేదు, వాసన చూడలేదు. బతికుంటే ముట్టేవాడూ కాదు. ఆయన సైకిలెక్కి ఇంటింటికీ తిరిగి సంపాదించిన పూచీని, ఆయన ఒప్పుకోని సరుకు మీద అతికించే హక్కు వాడికి లేదు. ఇచ్చే హక్కు నాకూ లేదు.

మన గొడవంతా ఈ రెంటినీ కలగాపులగం చెయ్యడంలోనే ఉందని నా అభిప్రాయం. ఈ నేల మనది అని పుట్టుక చెప్పుకోబోతే అనుమతి తెచ్చుకోమంటారు, రుజువులడుగుతారు. ఎక్కడో ఎవడో బాంబు పెడితే మాత్రం మనం ఇవ్వని పూచీని మన పేరున రాసేసి జవాబు చెప్పమంటారు. ఇవ్వాల్సింది ఇవ్వరు, అడగకూడనిది లాక్కుంటారు. ఇందులో బయటివాళ్ళదే తప్పని నేను అనను. మన పేరున, మనల్ని ఒక్కమాట అడక్కుండా, కౌమ్ అంతటి తరఫునా సంతకాలు పెట్టేసే పెద్దమనుషులు మనలోనూ ఉన్నారు. వాళ్ళు చేసేదీ బంగారు అంచుల సర్టిఫికెట్ వ్యాపారమే. గోదాము పుస్తకంలో మన పేరుండదు.

*

ఇక అప్పు సంగతి. షరాబ్ పిండేవాడి దగ్గర్నుంచి మోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడి దాకా పదిమంది మీద లానత్ ఉందని హదీసు. గ్లాస్గోలో మన ఉపఖండం ముస్లింలు నడిపే కిరాణా కొట్లలో విస్కీ అమ్మేవీ ఉన్నాయి. వాళ్ళ లెక్క వాళ్ళది. మతాన్ని పక్కన పెట్టినా ప్రశ్న పోదు. 2023లో స్కాట్లాండ్‌లో మద్యం మూలంగానే చనిపోయినవాళ్ళు 1,277 మంది. చవక మద్యాన్ని అదుపు చెయ్యడానికే అక్కడి ప్రభుత్వం 2018లో కనీస ధర పెట్టింది. 280 సీసాల ఖరీదైన విస్కీ కొనేవాడు వేరు, వాళ్ళు వేరు అని భాంజా వాదించాడు. నిజమే కావచ్చు. కానీ పేదవాడు తాగితే వ్యసనం, పైసలున్నవాడు తాగితే అభిరుచి అనే మాట నేను 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన ఈ తెలుగు నేల మీద ఉండి ఒప్పుకోలేను. వాణ్ణి నేను దోషి అనలేదు. నా డబ్బు మాత్రం అందులో కలవదన్నాను. నా దగ్గర అంత డబ్బు లేదన్నది కూడా నిజమే కనక ఇందులో నా గొప్ప పెద్దగా లేదు.

"నీ పేరే పెట్టుకోరా" అన్నాను ఫోన్లో.

"నా పేరు చూసి ఎవరు కొంటారు మామూ? ముస్లిం పేరున్న స్కాచ్ సీసా అంటే అక్కడ నవ్వుతారు, ఇక్కడ తిడతారు" అన్నాడు.

"అది నీ కష్టం. నానా కూడా మొదటి బుడ్డీ అమ్మినప్పుడు ఆయన పేరు ఎవరికీ తెలియదు."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మూడు నెలలు ఫోను లేదు. అలిగాడనుకున్నాం. పోయిన నెల ఒక కాగితం పంపాడు. సీసా మీద అతికించబోయే చీటీ నమూనా. డిస్టిలరీ పేరు లేదు, అమ్మినవాళ్ళు షరతు పెట్టారట. స్పేసైడ్ అని ఉంది. సింగిల్ మాల్ట్ అని ఉంది. చెంచా పడని పీపా కోసం ఇన్నాళ్ళూ వెతికాడట. కాచిన ఏడు, పీపా నంబరు, 274 సీసాలు, రంగు కలపలేదు. అట్టడుగున, ఎంచి నింపినవాడు అని, వాడి పూర్తి పేరు. షేక్‌తో సహా.

ఆ కాగితం తీసుకుని ఆపా దగ్గరికి పోయాను. ఆపాకు ఇంగ్లీషు రాదు. ఒక్కో గీతా చదివించుకుంది.

"ఇందులో అబద్ధమేమైనా ఉందా?" అంది.

"లేదు ఆపా."

"అబ్బా పేరు?"

"లేదు."

కాగితం మడిచి నా చేతికిచ్చింది. "ఐతే వాడి లెక్క వాడే అల్లాకు చెప్పుకుంటాడు. చాయ్ తాగి పో" అంది.